అయిదు గ్రాముల రాయి

అత్తయ్య ఇల్లు, ముందు గది
ఆదివారం

మహారాజశ్రీ అత్తయ్య సముఖానికి,

మేనల్లుడు నమస్కరించి సమర్పించుకునే మొదటి వారపు నివేదిక.

నువ్వు బస్సెక్కిన అరగంటలోపే ఇంటి బాధ్యతలు స్వీకరించాను. నువ్వు రాసిచ్చిన పద్నాలుగు పేజీల నియమావళిని గోడకి అంటిస్తే గోడ చాల్లేదు. చివరి మూడు పేజీలకి ఫ్రిజ్ తలుపు మీద ఆశ్రయం కల్పించాను. రాత్రి పాలు తీసుకోబోయిన ప్రతిసారీ "నీళ్ల తొట్టి రోజూ తోమవలెను" అని నువ్వే ఎదురొచ్చి చెప్పినట్టు ఉంటోంది.

ఆ సముద్రం ఒడ్డున ఫోన్ అందదు సరే. అందినా ఉత్తరమే రాయమన్నావు. ఫోన్‌లో అబద్ధం నోరు జారి వచ్చేస్తుందని, కాగితం మీద సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుందని నీ సిద్ధాంతం. ఇరవై ఆరేళ్లుగా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరువి. ఎంతమంది కొట్లవాళ్ల చేత సంతకాలు పెట్టించావో! నీ సిద్ధాంతాన్ని కాదనడానికి నేనెవర్ని?

ఇక గృహస్థుల క్షేమం. గుమస్తా కులాసా. చుక్కల బల్లికి ఆ పేరు పెట్టిన మామయ్య దూరదృష్టికి జోహార్లు. పొద్దంతా చెక్క వెనక దాక్కుని, కీచురాయి కనబడగానే బల్ల కిందనుంచి చెయ్యి చాపినట్టు నాలుక చాపుతోంది. రోజుకి ఆరు పెట్టమన్నావు, ఏడోదానికి కూడా సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉంది.

తాబేలు, అనగా పెద్దాయన, తోటకూర వాసన చూసి మొహం తిప్పుకున్నారు. నువ్వు కనబడక అలిగినట్టున్నారు, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటారు. నీ ఆజ్ఞ ప్రకారం ఆదివారం పొద్దున్న త్రాసులో కూర్చోబెట్టాను. 1,860 గ్రాములు. నువ్వు వెళ్లిన రోజు ఎంతో ఇవాళా అంతే.

వంద గ్రాములు తగ్గితే తర్వాతి బస్సుకే వచ్చేస్తానని మా అందరిచేతా ఒప్పించుకుని వెళ్లావు కదా. మామయ్య పోయాక మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా నువ్వు ఆ గడప దాటి పడుకోలేదు. సెలవులు మురిగిపోతున్నాయని ఆఫీసు నోటీసిస్తే, తన ఇంటికి రమ్మని డ్రిల్లు టీచరు పిన్ని స్వయంగా వచ్చి పెట్టె సర్దితే, మేమందరం వెనకనుంచి తోస్తే, రెండు నెలలుండేలా కదిలావు. పెద్దాయన ఒంట్లోంచి వంద గ్రాములు కరిగిపోతే మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఆయన్ని కంట్లో వత్తి వేసుకుని చూస్తున్నాను. కళ్లద్దాల షాపులో పనిచేసేవాడికి అది పెద్ద పనేం కాదు.

ఇల్లు కూడా కాస్త సర్దాను. పెద్దాయన గది గుమ్మం పక్కన మామయ్య పాత ఎర్ర చెప్పులు కనబడ్డాయి. ఆయన వస్తువులన్నీ ఎప్పుడో ఇచ్చేశానన్నావుగా, ఇవి మర్చిపోయినట్టున్నావు. తుడిచి, కాగితంలో చుట్టి, బీరువా మీద భద్రంగా పెట్టాను. నియమావళి మూడో పేజీ ప్రకారం ఆ గదిలోకి వట్టి కాళ్లతోనే వెళ్తున్నాను.

ఇట్లు, విధేయుడు,
మేనల్లుడు


సముద్రం ఒడ్డు, డ్రిల్లు ఇల్లు
గురువారం

ఒరేయ్,

ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో పనికొచ్చేది నాలుగు లైన్లు.

ఆకు పళ్లెంలో పెట్టకు, నేలమీద పెట్టు. దోసకాయ సన్నగా తరుగు. దొడ్లో మందారం పూస్తే ఒకటి వెయ్యి. సర్దడం మానెయ్. ఎక్కడివక్కడ ఉండనీ.

ఇక్కడ గొప్పగా ఏమీ లేదు. సముద్రం రాత్రీ పగలూ హోరు పెడుతుంది, ఆపమని చెప్పడానికి మనిషి లేడు. మీ డ్రిల్లు టీచరు రిటైరైనా విజిల్ మానలేదు. అయిదింటికి ఊదుతుంది. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను, అంతే. రెండు నెలలు ఎలా గడుస్తాయో.

బరువు రాయడం మర్చిపోకు.

అత్త


అత్తయ్య ఇల్లు, ముందు గది
ఆదివారం

అత్తయ్య గారి దివ్య సముఖానికి,

నీ ఉత్తరం అందింది. అందులో "వరండా", "కుర్చీ" అనే మాటల దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. నేను అడక్కూడదేమో గానీ అడుగుతున్నాను. ఏడుస్తున్నావా? ఏడవకత్తా. ఆ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వెయ్యి. సముద్రం ఉన్నది చూడ్డానికే కాదు, కాళ్లు తడుపుకోడానికి కూడా.

ఇక్కడ అంతా నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. పెద్దాయన 1,857 గ్రాములు. మూడు గ్రాములు అటూ ఇటూ కావడం మహనీయులకి సహజమే కదా. మందార పువ్వు ఆరగించారు. తోటకూర ఆరగించారు. దోసకాయ విషయంలో మాత్రం ఇంకా ఆలోచిస్తున్నారు.

గుమస్తా ఒళ్లు చేసింది. ఏడో కీచురాయి వల్లనని నువ్వు నింద మోపకముందే ఒప్పేసుకుంటున్నాను. మొన్న షాపుకి ఒక ముసలాయన వస్తే కింది వరుస చదవమన్నాను. ఆయన కింది వరుస వదిలేసి, బోర్డు కింద అచ్చేసిన ప్రెస్సు పేరు చదివాడు. అంత బాగా కనబడేవాడికి కళ్లద్దాలెందుకని అడిగితే, ఇంట్లో పేపరు చదవమంటున్నారు, తప్పించుకోడానికి ఒక సాకు కావాలన్నాడు.

నువ్వు నిశ్చింతగా ఉండు. నీ కడుపులో చల్ల కదలనివ్వను.

విధేయుడు


సముద్రం ఒడ్డు
శుక్రవారం

ఒరేయ్,

ఏడవడం లేదు. తలస్నానం చేసి కూర్చుని రాశాను, జుట్టులోంచి నీళ్లు కారాయి.

వాడు తిన్నాడంటే సంతోషం. రోజుకెన్ని ఆకులు తిన్నాడో లెక్కపెట్టి రాయి.

కీచురాళ్లు ఆరే.

అత్త

మళ్లీ: ఈ కాగితం మీద కూడా తడి పడింది. ఇక్కడ తలస్నానాలు ఎక్కువ.


అత్తయ్య ఇల్లు
ఆదివారం

అత్తకి,

ఒక వారం ఉత్తరం తప్పినందుకు క్షమించు. షాపులో పని ఎక్కువగా ఉండింది.

పోయిన ఆదివారం 1,861. ఈ ఆదివారం 1,853. ఆకులు రోజుకి తొమ్మిదో పదో తింటున్నాడు. అంతా బాగానే ఉంది.

ఒక చిన్న విషయం అడగాలి, ఊరికే తెలుసుకుందామని. మొదట్లో మామయ్య ఇతన్ని తెచ్చినప్పుడు ఏం పెట్టేవాడు? ఏదైనా ప్రత్యేకంగా పెట్టేవాడా? నియమావళిలో రాయనిది ఏమైనా ఉందా?

నువ్వు మాత్రం అక్కడే ఉండు. తలస్నానాలు చెయ్యి.

నీ
మేనల్లుడు


సముద్రం ఒడ్డు
బుధవారం

ఒరేయ్,

మన ఇంట్లో ఉన్న త్రాసు మీ మామయ్య పాత సామాన్ల కొట్లో కొన్నది. దాని రాళ్ల పెట్టెలో అన్నిటికంటే చిన్న రాయి అయిదు గ్రాములది. రెండు గ్రాములది, ఒక గ్రాముది నాలుగేళ్ల క్రితమే ఆయన స్టవ్ బల్ల సందులో పారేశాడు. వెతికి తీస్తానని పోయేదాకా అంటూనే ఉన్నాడు. కాబట్టి ఆ త్రాసు మీద ఏ ప్రాణిని కూర్చోబెట్టినా బరువు సున్నాతోనో అయిదుతోనో ఆగాలి. 1,857 రాదు. 1,861 రాదు. 1,853 ఈ జన్మలో రాదు.

నా ఉద్యోగంలో దొంగ తూకాలు చాలా పట్టుకున్నాను. వాళ్లందరూ గుండ్రటి అంకెలు రాసి దొరికిపోయారు. గుండ్రంగా లేని అంకెలు రాసి దొరికినవాడివి నువ్వొక్కడివే.

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో ఒక్క జోకూ లేదు. పెద్దాయన అనడం మానేసి "తింటున్నాడు" అన్నావు.

నిజం రాయి. సంతకం పెట్టి రాయి.

అత్త


అత్తయ్య ఇల్లు, తాబేలు గది
శనివారం, స్పీడు పోస్టు

అత్తా,

గుండ్రటి అంకె రాస్తే అనుమానిస్తావనే అలా రాశాను. నా తెలివి నన్నే ముంచింది.

నిజం ఇది. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి ఆయన సరిగ్గా ఒక్క ఆకు తినలేదు. మొదటి వారం ప్రయాణం నీదైతే బడలిక ఆయనది కాబోలనుకున్నాను. రెండో ఆదివారం 1,835. తర్వాత 1,805. తర్వాత 1,775. ఇవాళ రేపటిదాకా ఆగలేక తూచాను. 1,750. అంటే వంద దాటింది. నీ మాట ప్రకారం నువ్వు ఈపాటికి బస్సులో ఉండాలి.

పశువుల డాక్టరు గారి దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాను. గేదెకీ కుక్కకీ మధ్య నన్ను కూర్చోబెట్టారు. ఒళ్లో గంప, గంపలో ఈయన. నోరు చూశారు, కళ్లు చూశారు, డొప్ప తట్టి చూశారు. జబ్బేమీ లేదన్నారు. 1,700కి దిగితే గొట్టం వేసి తినిపించాల్సి ఉంటుందన్నారు. "ఇంట్లో ఏదైనా మారిందా?" అని అడిగారు. యజమానురాలు ఊరికెళ్లిందన్నాను. ఆవిణ్ణి రమ్మనండి అన్నారు. అదొక్కటీ కుదరదండీ అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ తగులుతోంది.

నేను ఏమేం చేశానో చెప్తే నవ్వుతావు. చూపు తగ్గిందేమోనని షాపులోంచి అక్షరాల బోర్డు తెచ్చి ఎదురుగా పెట్టాను. నీ చీర కట్టుకుని కూర్చున్నాను. ఆకుపచ్చది, ఆఫీసుకి కట్టేది. గుమస్తా చూసి దాక్కుంది. ఈయన మాత్రం అల్మరా కిందకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను పడుకునేది కూడా ఇక్కడే, నేలమీద. పొద్దున్న లేచేసరికి నా మొహానికి జానెడు దూరంలో ఉంటాడు, నన్నే చూస్తూ. నేను కదిలితే మళ్లీ వెనక్కి.

అబద్ధం రాసినందుకు ఏమన్నా పడతాను. కానీ ఎందుకు రాశానో ఒకసారి విను. నువ్వు బస్సెక్కిన రోజు నాన్న ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "అది వెళ్లిందిరా, నిజంగా వెళ్లింది" అని నాలుగుసార్లు అన్నాడు. నువ్వు మధ్యలో తిరిగొచ్చావంటే ఇంకెప్పటికీ కదలవు. అది అందరికీ తెలుసు. ఒక పక్క నువ్వు, ఒక పక్క ఈయన. ఆ తూకం నాకు చేతకాలేదత్తా.

నువ్వు రావాలంటే రా. వద్దంటే, ఏం చెయ్యాలో చెప్పు.

మేనల్లుడు
(సంతకం వణికింది. నీ సిద్ధాంతం నిజమే.)


సముద్రం ఒడ్డు
సోమవారం, స్పీడు పోస్టు

నాన్నా,

ఇక్కడి పోస్టాఫీసులో ఫోనుంది. చెయ్యొచ్చు. కానీ పోస్టుమాస్టరు పక్కనే నిలబడి చెవులు రిక్కిస్తాడు. ఈ సంగతి ఇంకో మనిషి వింటుండగా నా నోట రాదు. అందుకే కాగితం.

ఈ ఉత్తరం అందగానే బీరువా మీద నువ్వు పెట్టిన పొట్లం విప్పు. ఆ ఎర్ర చెప్పులు తొడుక్కుని గదిలోకి వెళ్లు. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చో. కాళ్లు కదపకు. మందార పువ్వు చెప్పుల పక్కనే పెట్టు.

అంతే. పదిహేనో పేజీలో రాయాల్సింది అదే. రాయలేదు.

ఆయన పోయాక అన్నీ ఇచ్చేశానని మీ అందరికీ చెప్పాను. మీ నాన్న "ఇంకెన్నాళ్లే" అని అడిగీ అడిగీ మానేశాక చెప్పాను. చెప్పులు తప్ప అన్నీ ఇచ్చాను, అది నిజమే. ఆయన పోయిన వారానికి వీడు ఇలాగే మొండికేశాడు. ఒకరోజు ఏమీ తోచక ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. వీడు గది ఆ మూలనుంచి ఈ మూలకి నడిచొచ్చి చెప్పు పట్టీ మీద గడ్డం ఆనించాడు. తర్వాత తిన్నాడు. ఆ రోజు నుంచి రోజూ అంతే. నా కాళ్లు అందులో సగానికి కూడా రావు. జారిపోతుంటే వేళ్లతో బిగపట్టుకుని నడుస్తాను. ఊళ్లో కొట్లవాళ్లు నన్ను చూసి త్రాసులు తుడుచుకుంటారు. అదే మనిషి ఇంట్లో మొగుడి చెప్పులు తొడుక్కుని తాబేలు ముందు కూర్చుంటుందని ఎలా రాయనురా?

నీ మొదటి ఉత్తరంలో, చెప్పులు కాగితంలో చుట్టానన్న చోటే నాకు అర్థమైంది. వీడు తినడని తెలుసు. 1,857 చూసినప్పుడు నువ్వు అబద్ధమాడుతున్నావనీ తెలుసు. అయినా తెలియనట్టే రాశాను. ఎందుకో చెప్తాను, నవ్వకు.

ఈత నేర్చుకుంటున్నాను.

మీ డ్రిల్లు రెండో రోజే నన్ను నీళ్లలోకి లాక్కెళ్లింది. నాలుగో రోజుకి నేనే ముందు లేచాను. వరండా, కుర్చీ అన్నీ బొంకు. నువ్వు కన్నీళ్లనుకున్నవి సముద్రం నీళ్లు. వెల్లకిలా తేలడం వచ్చింది. నీళ్ల మీద పడుకుంటే ఒంటికి బరువే తెలియదురా. జీవితమంతా బరువులు తూచినదాన్ని, అదేమిటో అర్థం కాక మొదటిరోజు నవ్వాను. ఆ సంతోషం ఇంకో పూట, ఇంకో పూట అనుకుంటూ నీ అబద్ధం వెనక దాక్కున్నాను. నువ్వు నాకోసం అబద్ధమాడావు. నేను నాకోసమే ఆడాను. అక్కడ ఆ మూగజీవం ఆకలితో గోడవైపు తిరిగి కూర్చుంది.

గురువారం బస్సుకి టిక్కెట్టు కొన్నాను. వాడు తింటే పోస్టాఫీసుకి ఫోన్ చేసి "తిన్నాడు" అని ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే బస్సెక్కుతాను. ఈసారి అంకె మార్చకు.

మీ అత్త


అత్తయ్య ఇల్లు, ముక్కాలిపీట
గురువారం

అత్తా,

ఫోన్‌లో "తిన్నాడు" అని చెప్పాక కూడా పోస్టుమాస్టరు వదల్లేదు. ఎవరు తిన్నారు, ఏం తిన్నారు, ఎంత తిన్నారని అడిగాడు. ఈపాటికి నీకు వివరణ ఇచ్చుకోక తప్పలేదనుకుంటాను. ఫోన్‌లో ఒక్క మాటే కుదిరింది కాబట్టి, ఇక్కడ పూర్తిగా రాస్తాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం షాపుకొచ్చింది. సగం చూపు పరీక్షలో ఉన్న ఒకావిణ్ణి అలాగే కూర్చోబెట్టి వచ్చేశాను. ఆవిడ ఇప్పటికీ కింది వరుస చదువుతూ ఉండొచ్చు.

పొట్లం విప్పాను. ఎడమ చెప్పు మడమ ఒక పక్కే అరిగి ఉంది. మామయ్య కాలు ఈడ్చి నడిచేవాడు కదా, మేడ మెట్ల మీద ఆ చప్పుడు వినే నేను సిగరెట్టు ఆర్పేసేవాణ్ని. తొడుక్కున్నాను. అత్తా, నాకు అచ్చంగా సరిపోయాయి.

ముక్కాలిపీట మీద కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. అల్మరా కింద డొప్ప అంచు మాత్రం కనబడింది. తర్వాత తల. ఆ తర్వాత ఒక కాలు. ఆగాడు. నేను కాళ్లు కదపలేదు. గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి ఎనిమిది అడుగులు ఉంటుంది. దానికి ఆయన తీసుకున్న సమయంలో నేను ఇంకో డిగ్రీ చదివేవాణ్ని. వచ్చి, పట్టీ మీద గడ్డం ఆనించాడు. నువ్వు రాసింది చదివే ఉన్నాను. అయినా అలా జరుగుతుందని నాకు తెలియదు.

పువ్వు తిన్నాడు. తర్వాత నా చేతిలోంచి ఆకులు. పదకొండు. ఈసారి నిజంగా లెక్కపెట్టాను. నేను కాసేపు ఏడ్చాను. ఎవరూ చూడలేదు, గుమస్తా తప్ప. దాని నోరు మూయించడానికి ఏడో కీచురాయి ఇచ్చాను.

నువ్వు టిక్కెట్టు వెనక్కి ఇచ్చేశావని నమ్ముతున్నాను. మిగిలిన వారాలు తేలుతూ ఉండు. రోజూ రెండు పూటలా ఈ చెప్పులు వేసుకుని కూర్చోడానికి నేనున్నాను. నాన్నతో ఏమీ చెప్పలేదు. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పు.

విధేయుడు, ఈసారి నిజంగా,
మేనల్లుడు

తాజా కలం: స్టవ్ బల్ల జరిపి చూశాను. రెండు గ్రాముల రాయి దొరికింది. ఒక గ్రాముది లేదు. కాబట్టి ఇకమీదట 1,857 రావచ్చు, నన్ను అనుమానించకు.


మన ఇల్లు
ఆదివారం, నువ్వు మీ ఇంటికి వెళ్లిన రెండో వారం

నాన్నా,

నివేదిక రాయడం ఇప్పుడు నా వంతు.

సముద్రం దగ్గర్నుంచి బయల్దేరే ముందు బజార్లో చెప్పులు కొన్నాను. ఎరుపే. నా కాలి కొలతకి. మీ డ్రిల్లు పక్కన నిలబడి అవి కావు, ఇవి అని నాలుగు జతలు విప్పించింది.

నువ్వుండగా తొడుక్కోడానికి ధైర్యం చాల్లేదు. మొన్న తొడుక్కుని ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఉన్నమాట చెప్తాను, పాతవి పీట వెనక దాచుకునే కూర్చున్నాను. వాడు వచ్చాడు. కొత్త చెప్పు వాసన చూశాడు. నా మొహం వైపు చూశాడు. చుట్టూ తిరిగి పీట వెనక్కి వెళ్లి, పాతవి చూసి, అక్కడే నిలబడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నాను. పిలవలేదు. వాడిష్టం అనుకున్నాను. కొంతసేపటికి మళ్లీ చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. గడ్డం ఆనించలేదు. పువ్వు మాత్రం తిన్నాడు. నిన్నా తిన్నాడు. ఇవాళా తిన్నాడు.

మీ నాన్నతో చెప్పుల సంగతంతా చెప్పాను. "ఏ రంగే?" అని అడిగాడు.

బరువు 1,845. త్రాసులో ఉన్నదే రాశాను. గుమస్తాని కూడా తూచాను. ఎన్ని ఏడో కీచురాళ్లు పెట్టావో అంకె చెప్తోంది, ఆ కేసు నీ మీద ఇంకా నడుస్తుంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్శిల్ వస్తుంది. ఏముందో నీకు తెలుసు. నీ కాలికి సరిపోయాయన్నావు కదా. కాగితంలో చుట్టి బీరువా మీద పెట్టావంటే ఊరుకోను. తొడుక్కుని షాపుకి వెళ్లు, బజారుకి వెళ్లు. కుడిది కూడా అరగాలి.

అత్త